చార్టు వెనక నీడ

పొద్దున్నే సైన్సు సెంటరు తాళం తీయగానే పెద్దకోడలు చేసే మొదటి పని నీడల గదిలో గోడ తుడవడం. మెత్తటి పాత చొక్కా ముక్కతో, అదీ పొడిగుడ్డతోనే తుడుస్తుంది. తడి తగిలితే నీడలు ముడుచుకుపోతాయి. ఇంకెక్కడైనా ఇలాంటి గోడ ముందు నిలబడి లైటు వేయించుకుంటే నీడ ఒక నిమిషం నిలిచి చెరిగిపోతుంది. ఇక్కడ పడ్డ నీడ పోదు. బడిపిల్లలుగా నీడ వేయించుకున్నవాళ్లు పెళ్లయ్యాక వచ్చి, దాని పక్కన నిలబడి, ఎంత లావయ్యారో చూసుకుని నవ్వుకుంటారు. కొత్త నీడ వస్తే పాతవి బస్సు సీట్లో జరిగినట్టు జరిగి చోటిస్తాయి. ఇరవై రెండేళ్లుగా ఆ గది ఆమెదే. ఏ నీడ ఎవరిదో ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ గోడే ఇప్పుడు బీటలు వారింది. పైకప్పు నుంచి నేల దాకా చెయ్యి దూరేంత సందు. వానల్లోపు బాగు చేయించకపోతే గోడ పడగొట్టి సెంటరు మూసేయాలని ఇంజనీరు రాసిచ్చి పోయాడు.

అప్పుడు చందాలకి బయల్దేరింది ఆమె తోడికోడలు. ఏడాది కిందట టికెట్ల కౌంటరులో చేరింది. ఆ ఉద్యోగం కోసం సెక్రటరీ కాళ్లావేళ్లా పడింది కూడా పెద్దకోడలే. చిన్నకోడలు నోరు తెరిస్తే రాయైనా కరగాల్సిందే. ఇల్లిల్లూ తిరిగి నెలరోజుల్లో సగం డబ్బు పోగుచేసింది.

"మీ చెల్లి లేకపోతే మనం రోడ్డున పడేవాళ్లం" అన్నాడు సెక్రటరీ.

"దానికున్న చొరవ నీకేదే?" అంది ఇంట్లో అత్తగారు.

పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు దుమ్ము మింగింది తను, మెప్పు మాత్రం దానికా!

శనివారం పెంకుల ఫ్యాక్టరీ యజమాని వస్తున్నాడన్నారు. ఆయన తలుచుకుంటే మిగతా సగం ఒక్క చెక్కుతో తీరిపోతుంది. గోడ కింది మూల, జడ గాల్లోకి ఎగరేసి గెంతుతున్న చిన్నపిల్ల నీడ ఆయన చెల్లెలిదే. నీడ వేయించుకున్న ఏడాదే ఆ పిల్ల జ్వరంతో పోయింది. అప్పుడు హాస్టల్లో ఉన్న అన్నకి ఈ నీడ సంగతి తెలియదు. చూశాడంటే అడక్కుండానే ఇస్తాడు. ఆ మెప్పు కూడా చిన్నకోడలికే పోతుంది.

శనివారం గోడ తుడిచాక, గ్రహాల చార్టు తెచ్చి సరిగ్గా ఆ పిల్ల మీద తగిలించింది. "ఒక్క పూటేనమ్మా" అని గొణిగింది.

"అక్కడ చార్టేంటక్కా?" అంది అప్పుడే వచ్చిన చిన్నకోడలు.

"చెమ్మ మరక కనబడకుండా."

"కనబడితేనే కదా డబ్బులిచ్చేది!"

"నా గది సంగతి నాకు తెలుసులే."

యజమాని పదకొండింటికి వచ్చాడు. చిన్నకోడలు ఎంత చెప్పినా ఆయన వాచీ వైపే చూశాడు. "చూద్దాం, ఆఫీసుకి ఒక లెటర్ పంపండి" అన్నాడు. చిన్నకోడలి ముఖం వాడిపోయింది. మండుటెండలో చల్లటి నీళ్లు తాగినట్టు హాయిగా అనిపించింది పెద్దకోడలికి. అంతలో గోడ మీది బీట కంటపడి ఆ హాయి సగమైంది.

అతిథికి నీడ వేయకుండా పంపడం ఆ సెంటరులో లేదు. ఆయన్ని గోడ దగ్గర నిలబెట్టి స్విచ్చి నొక్కింది. నొక్కాక మూడు లెక్కపెడితే లైటు వెలుగుతుంది. "మూడు అనేదాకా ఎవరూ కదలకూడదు" అని రోజూ అందరికీ చెప్పేది తనే. ఒకటి అంది. రెండు అంది. ఫ్యాను గాలికి చార్టు మూల లేచింది. ఒక్క పరుగున వెళ్లి దాన్ని అరచేత్తో అదిమింది.

లైటు వెలిగింది.

గోడ మీద యజమాని నీడ పడింది. దాని పక్కనే, చార్టుని అదిమి పట్టుకుని పెద్దకోడలి నీడ. పాత నీడలు చోటివ్వడానికి జరగడం మొదలుపెట్టాయి. ఇరవై రెండేళ్లు రోజూ చూసిన సంగతే, కుళ్లులో పడి మరిచిపోయింది. చార్టు కింద నుంచి ముందు జడ కొస బయటికొచ్చింది, తర్వాత గెంతే కాళ్లు. ఆ పిల్ల జరిగి జరిగి అన్న నీడ మోకాలి పక్కన ఆగింది.

"మా బుజ్జిది" అన్నాడు యజమాని. ఫ్యాక్టరీ నడిపే మనిషి నేల మీద చతికిలబడ్డాడు. "ఇన్నేళ్లు దీన్ని ఎవరు చూసుకున్నారు?"

చిన్నకోడలు గోడ మీది అరచేతిని చూసింది, అక్క ముఖం చూసింది. ఆమెకి అంతా అర్థమైంది.

"మా అక్కే సార్. పాప మీద దుమ్ము పడనివ్వదు. ఆ చార్టు కూడా కిటికీ ఎండ తగలకుండా వేసింది" అంది తడుముకోకుండా.

ఆయన చెక్కు ఆ గదిలోనే రాశాడు. వానలకి ముందే బీట పూడింది. సెక్రటరీ అందరినీ పిలిచి పెద్దకోడలికి చప్పట్లు కొట్టించాడు. ఎన్నాళ్లుగానో కోరుకున్న చప్పట్లే, అయినా సిగ్గుతో తలెత్తలేకపోయింది.

రోజూ పొద్దున ఆ గోడ తుడవాలి కదా. చార్టు తీసేసినా దాని నీడా, దాన్ని అదిమి మెడ వంచుకున్న తన నీడా అక్కడే ఉన్నాయి. మిగతా నీడలన్నీ వాటికి మూరెడు దూరం జరిగి నిలబడ్డాయి. తుడిచినప్పుడల్లా పెద్దకోడలికి ఏడుపొచ్చేది.

ఒకరోజు చిన్నకోడలు కౌంటరు మూసి వచ్చింది. గోడ ముందు నిలబడి, చార్టు నీడ రెండో అంచు మీద చెయ్యి వేసింది.

"అక్కా, స్విచ్చి నొక్కు."

"ఎందుకే?"

"ఒక్కదానివే ఉంటే ఏదో దాస్తున్నట్టుంది. ఇద్దరముంటే చార్టు తగిలిస్తున్నట్టుంటుంది. త్వరగా నొక్కక్కా, చెయ్యి లాగుతోంది."

పెద్దకోడలు కళ్లు తుడుచుకుని నొక్కింది. లైటు ఆరాక, దూరంగా నిలబడ్డ నీడలు ఒక్కొక్కటే దగ్గరికి జరిగాయి.

ఇప్పుడు ఎవరొచ్చినా, ఇద్దరక్కచెల్లెళ్లు చార్టు తగిలిస్తున్నారనే అనుకుంటారు. పెద్దకోడలు రోజూ ముందు చెల్లి నీడనే తుడుస్తుంది. తుడుస్తూ, ఇక్కడ కూడా తనకంటే అదే బాగా పడిందని కాసేపు కుళ్లుకుంటుంది.