పదకొండు వందల గుంతలు

"కాలు కాస్త పక్కకి తియ్యి తాతా" అన్నాడు రంగు డబ్బా పట్టుకున్నవాడు.

రాళ్ళ తాత తియ్యలేదు. తియ్యలేడు. నలభై ఏళ్ళు క్వారీలో రాయి కొట్టి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము నింపుకున్న మనిషి. గడప మీద కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు కావాలి. వెనకాల ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. రంగువాడు తాత మోకాలి మీదుగా చెయ్యి చాచి తలుపు మీద ఎర్రగా ఇంటూ గుర్తు గీశాడు. రెండు చుక్కలు తాత మోకాలి మీద పడ్డాయి.

"ఇదెందుకు బాబూ?" అన్నాడు తాత.

"మీ రక్షణ కోసమే" అన్నాడు ఆఫీసరు, పక్క ఇంటికి నడుస్తూ.

నేను కళ్ళారా చూశాను. గడ్డపార భుజాన వేసుకుని పనికి పోతూ అక్కడే నిలబడ్డాను. నోరు విప్పలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎందుకంటే వింటున్న మీలో చాలామంది కూడా అలాంటి రోజున నోరు విప్పి ఉండరు.

ఆ గుర్తు వెనక ఒక చట్టం ఉంది. భూప్రమాద సేవలు, నగర వనాల చట్టం. పేరు వింటే దండం పెట్టాలనిపిస్తుంది. కొండచరియలు విరిగిపడే చోట్లు గుర్తించి జనాన్ని కాపాడతారట, ఆ వాలుల్లో అడవి పెంచుతారట. శాసనసభలో ఒక్క పూటలో పాస్ చేశారు. సేవ అంటే ఏమిటో మాకు నోటీసు వచ్చాక తెలిసింది. నలభై రోజుల్లో ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి పోవాలో రాయలేదు. మొక్కకి గాయం చేసినా, గుంత చెరిపినా మూడేళ్ళ జైలని మాత్రం శుభ్రంగా రాశారు. మాకు గాయమైతే ఎవరికి ఎన్నేళ్ళో ఎంత వెతికినా దొరకలేదు.

ప్రమాద పటాన్ని వార్డు ఆఫీసు గోడకి అంటించారు. మా అరవై రెండు ఇళ్ళూ ఎరుపు. ఆ ఎరుపు వాలంతా పైకి పాకి, కొండ మీద కొత్తగా కట్టిన పెద్ద ఇళ్ళ ప్రహరీ దగ్గర టక్కున ఆగిపోయింది.

"కొండకి గోడ కనబడుతుందా ఏంటి?" అంది పిన్ని, పటం మీద వేలు పెట్టి. "ఇక్కడిదాకా కూలతాను, ఆ పైన పెద్దోళ్ళున్నారు, అటు రాను అంటుందా?"

అందరూ నవ్వారు. గుమాస్తా నవ్వలేదు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మొక్కలు నాటే మా కూలీల ముఠాకి పెద్ద. ఇక్కడే మా తప్పు కూడా చెప్పాలి. ఆ వనం పనికి పోయింది మేమే. చట్టం రాగానే కాంట్రాక్టరు తరఫున మేస్త్రీ వచ్చి పిలిచాడు. ఇంటి పక్కనే పని దొరికిందని ఎగిరి గంతేశాం. ఇళ్ళ మీద గుర్తులు పడ్డాక కూడా, పొయ్యి వెలగాలి కాబట్టి, తిట్టుకుంటూనే తవ్వాం. మా నెత్తిన మా చేతులతోనే పదకొండు వందల గుంతలు.

బాగా తవ్వాం కూడా. మాది ఎండిన చదును నేలల్లో నేర్చుకున్న పని. గుంతకి దిగువన మట్టితో నెలవంకలా గట్టు కడతాం, వాన చుక్క ఒక్కటి కూడా జారిపోకుండా. గట్టు సరిగ్గా కట్టనివాళ్ళని పిన్ని ముఠాలో ఉండనిచ్చేది కాదు. వానలు పడ్డాయి. గుంతలన్నీ కుండల్లా నిండాయి. ఒక్కటంటే ఒక్కటి కారలేదు.

మూడో రోజు పొద్దున, గుంతల పై వరసకి ఎగువన నేల చీలింది. భూప్రమాద సేవల ఆఫీసు నుంచి కొలతలమ్మాయి వచ్చింది. చీలికకి అటొకటి ఇటొకటి ఇనుప మేకులు కొట్టి, టేపు పెట్టింది. సాయంత్రం మళ్ళీ కొలిచింది. రెండు వేళ్ళ వెడల్పు పెరిగింది.

"ఇప్పుడేం చేస్తారమ్మా?" అని అడిగాను.

"రాసుకుంటాను."

"రాసుకుని?"

"పైకి పంపిస్తాను."

"ఈలోగా కొండ కిందకి వచ్చేస్తే?"

ఆ పిల్ల టేపు చుట్టుకుంది. మంచి పిల్లే. మంచివాళ్ళ చేతికి టేపు ఇచ్చి గొంతు లాగేసుకోవడం ఈ సర్కారుకి బాగా తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లల్నీ ముసలివాళ్ళనీ దిగువ బడికి చేర్చి, మిగిలినవాళ్ళం కుళాయి షెడ్డు కింద చేరాం. మేస్త్రీ గొడుగు వేసుకుని వచ్చాడు.

"ప్రమాదమని ప్రభుత్వం ముందే చెప్పిందా లేదా? బుద్ధిగా ఖాళీ చెయ్యండి. ఇంటికొకళ్ళకి మొక్కలకి నీళ్ళు పోసే పని నేనిప్పిస్తా."

"పోదాం" అన్నాడు ఇస్త్రీ బాబాయ్. "ప్రాణం కంటే ఇల్లెక్కువా?"

"పోయి ఎక్కడుంటాం బాబాయ్?" అంది కాలేజీలో చదివే నా కూతురు. "ఇంకో కొండ కింద. అక్కడికీ ఇదే చట్టం వస్తుంది."

"నీకేం, మాటలు చెప్తావ్. మట్టి మీద పడితే నీ పుస్తకం అడ్డం పెడతావా?"

మాటామాటా పెరిగింది. అప్పుడు పిన్ని లేచింది.

"కొండని చీల్చింది వాన కాదు, నేను" అంది. "చదును నేలలో ఆ గట్టు మంచి పని. వాలులో అది మనకి సమాధి. నీళ్ళన్నీ లోపలికి దింపింది. నాకు తట్టలేదురా. ఇన్నేళ్ళ పనిమంతురాలిని, నా ఇంటి నెత్తిన నేనే చెరువు కట్టుకున్నా."

ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను. నాకూ దుఃఖం ఆగలేదు.

"నువ్వొక్కదానివే కట్టావా?" అని కసిరింది ఇస్త్రీ బాబాయ్ భార్య. "మా చేతులేమయ్యాయి? అయినా అక్కడ తవ్వచ్చో లేదో చూసుకోవాల్సింది తవ్వించినవాడు కాదా?"

నా కూతురు చట్టం కాగితాలు తిరగేసింది. "ఉంది. గుంతలు తియ్యకముందే జనం ఎదుట నేల పరీక్ష చెయ్యాలట."

అందరం మేస్త్రీ వైపు తిరిగాం. "చేశారా?"

"అవన్నీ పైవాళ్ళు చూసుకుంటారు" అని నసిగాడు మేస్త్రీ.

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "గట్లు తెంచాలి. గుంతలు పూడ్చాలి. చీలికలో బంకమట్టి కూరి, నీళ్ళు వాగులోకి పోయేలా కాలువ తియ్యాలి. ఇవాళే, ఇప్పుడే."

"మూడేళ్ళ జైలు!" అని అరిచాడు మేస్త్రీ.

"మట్టి కిందైతే ఎన్నేళ్ళు?" అంది పిన్ని, పార అందుకుంటూ.

తట్ట పట్టుకుని ఆవిడ వెనకే మొదట బయల్దేరింది ఇస్త్రీ బాబాయే.

పట్టపగలు, అందరూ చూస్తుండగా చేశాం. దాక్కోవాల్సిన పని కాదది. కొలతలమ్మాయి వచ్చింది, ఎవరూ పిలవకుండానే. టేపు పెట్టింది. గంట ఆగి మళ్ళీ పెట్టింది. "పెరగలేదు" అని అందరికీ వినబడేలా చెప్పి, రాసిన పుస్తకం మా అందరికీ చూపించింది.

కాలువ సగంలో ఉండగా పోలీసులు దిగారు.

"ప్రభుత్వ వనాన్ని ధ్వంసం చేయించిందెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మేస్త్రీ పిన్నిని చూపించాడు.

మేం అడ్డం పడ్డాం. లాఠీలు లేచాయి. పిన్ని మమ్మల్ని పక్కకి నెట్టింది. "చేతులు కడుక్కోనిస్తారా?" అని అడిగింది.

"అక్కర్లేదు, ఎక్కు."

"సరే, మట్టి ఉండనీ. జడ్జిగారూ చూస్తారు." వ్యాను ఎక్కుతూ మా వైపు తిరిగింది. "నా మొహం చూస్తారేంటి? కాలువ పూర్తి చెయ్యండి."

పూర్తి చేశాం. మర్నాడు పొద్దున మేస్త్రీ లారీ నిండా కూలీలని తెచ్చాడు, గుంతలు మళ్ళీ తవ్వించడానికి. నగరం అవతలి కొండ మీద అదే కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళు. మేం పారలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డాం. వాళ్ళూ గడ్డపారలతో దిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది, కూలీలని కూలీల మీదికే తోలుకొచ్చినందుకు.

వాళ్ళ ముఠా పెద్ద, నడివయసు మనిషి, పూడ్చిన మట్టిని కాలితో నొక్కి చూసింది. చీలికని చూసింది. కాలువలో పారుతున్న ఎర్ర నీళ్ళని చూసింది.

"ఇవి తవ్విందెవరు?"

"మేమే అక్కా."

"గట్లు కట్టారా?"

"కట్టాం. బాగా కట్టాం."

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మేమూ కట్టాం. మా ఇళ్ళ మీద."

"ఏంటి కబుర్లు? తవ్వండి!" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ గిర్రున తిరిగి లారీ ఎక్కింది. ముఠా అంతా ఎక్కింది. "బండి తిప్పన్నా, ఇంటికి పోనీ!" అని కేకేసింది. మేస్త్రీ బండి ముందు నిలబడ్డాడు.

"తప్పుకో మేస్త్రీ" అన్నాడు డ్రైవరు. "నా పెళ్ళాం పిల్లలు అక్కడే ఉన్నారు."

మేస్త్రీ తప్పుకున్నాడు. కాలువ దగ్గర సగం మందిని ఉంచి, మిగతావాళ్ళం పారలతో లారీలోకి ఎక్కేశాం.

దారిలో, పిన్నిని పెట్టిన పోలీస్ స్టేషన్ ముందు డ్రైవరు బండి ఆపి హారన్ మోగించాడు. నేను గొంతు చించుకుని అరిచాను. "పిన్నీ! ఇంకో కొండ!"

లోపల ఎవరో గద్దించారు. అంతకంటే గట్టిగా, కిటికీ ఊచల వెనక నుంచి పిన్ని గొంతు వచ్చింది.

"గట్లు పై వరస నుంచి తెంచుకు రండి!"