ఆ పొద్దుటి పోట్లాట

రైలు అరక్కోణం దాటేసరికి చంద్రావతి ఒళ్ళోని చిక్కుడుకాయల ఈనెలు సగం తీసేసింది. తిరుత్తణిలో ఎక్కగానే దొరికిన కిటికీ సీటు. తిరువళ్ళూరులో దిగేలోపు రాత్రి కూర సంగతి తేలిపోవాలి. నలభై దాటిన మనిషి. చిన్నప్పటినుంచీ మగ్గం ముందు వంగినందువల్ల భుజాలు ఇంకా ముందుకే ఉంటాయి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లబడింది, మళ్ళీ తెల్లబడలేదు. ఎవరూ రెండోసారి తిరిగి చూసే మనిషి కాదు.

ఆమె భర్త మహేంద్ర నేతపని వదిలేసి, తిరువళ్ళూరు దగ్గర ఇనుప రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మీద పనికి చేరాడు. కొన్నేళ్ళ కిందట ఆ ప్రెస్సులోనే చిక్కుకుని పోయాడు. తర్వాత ఫ్యాక్టరీవాళ్ళే ఆమెకు క్యాంటీన్‌లో పని ఇచ్చారు. వడ్డించడం, గ్లాసులు కడగడం, టీ పోయడం. ఆ చోట రోజూ అడుగెలా పెడుతున్నావని మొదట్లో జనం అడిగేవాళ్ళు. "పెట్టకపోతే ఎట్ల?" అనేది. తర్వాత ఎవరూ అడగలేదు.

ఆ రోజు కొత్తగా చేరినవాళ్ళకు సేఫ్టీ క్లాసు. టీ క్యాన్ మోసుకుని ఆమె హాల్లోకి వెళ్ళేసరికి సేఫ్టీ ఆఫీసరు నందకుమార్ అప్పుడే కథలోకి వచ్చాడు. మంచి మాటకారి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలిసినవాడు. ఇక్కడే పనిచేసిన ఒక మనిషి, అంటాడు. పేరు చెప్పడు. ఆమె ఆ కథను చాలాసార్లు విన్నది. మొదట్లో ఆ మనిషి సెల్‌ఫోను చూస్తూ మిషన్‌లో చెయ్యి పెట్టాడు. పోనుపోను ముందురాత్రి తాగిన మత్తు కూడా వచ్చి చేరింది. సారా వాసనకే ముక్కు మూసుకునేవాడు మహేంద్ర. అయినా ఆమె పళ్ళు బిగించి గ్లాసులు నింపేది. పేరు లేదు కదా, ఎవరో అనుకుందాంలే అని.

"ఆ రోజు పొద్దున," నందకుమార్ తమిళంలో మెల్లగా ఈసారి ఇంకో ముక్క కలిపాడు, "ఇంట్లో భార్యతో పెద్ద పోట్లాట. ఆవిడ తిండి కూడా పెట్టకుండా పంపేసింది. ఆ కోపం, ఆ ఆకలి మోసుకొచ్చి మిషన్ ముందు నిలబడ్డాడు. అందుకే చెబుతున్నా, ఇంటి గొడవలు గేటు బయటే వదిలి రండి."

ముందు వరసలో ఒకడు అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు.

గ్లాసు నిండి పొర్లి ఆమె వేళ్ళు కాలాయి. పోట్లాడామా? ఆ పొద్దుటిని గుర్తు తెచ్చుకోబోయింది. డబ్బా కట్టిచ్చానా? చెప్పులు వేసుకుంటూ ఏదో అన్నాడు. ఏమన్నాడు? ఎంత వెతికినా మహేంద్ర ముఖం రాలేదు. నందకుమార్ చెప్పిన ఆ కోపపు ముఖమే వచ్చింది. తిండి పెట్టని తన చెయ్యి కూడా కనబడింది. మనిషిని మింగింది చాలక, ఆ మనిషితో గడిపిన చివరి పొద్దును కూడా లాక్కుంటున్నారు వీళ్ళు.

"నేను తిండి పెట్టలేదని నీకెవురు చెప్పినారు సామీ?"

హాలంతా ఆమెవైపు తిరిగింది.

"అక్కా, ఇది ఊరికే ఒక కథక్కా." నందకుమార్ నవ్వబోయాడు. తెలుగు అతనికీ వచ్చు. "వీళ్ళ మనసుకు తగలాల కదా. నేనేమన్నా పేరు చెప్పినానా?"

"చెప్పు! మహేంద్ర అని చెప్పు! సావు మాత్రం నిజంది కావాల నీకు, తక్కిందంతా నోటికొచ్చినట్టు అల్లుకుంటావా? చేతికి అడ్డముండే మిషన్ తలుపు మూయకుండానే పని చేయిచ్చినారని జనం అనుకుంటా ఉండారే, ఆ మాట యాడ పోయింది నీ కథలో?"

కోపంలో ఆమెకు తెలుగే వచ్చింది. ఆ హాల్లో సగంమందికి అది అర్థం కాదు. గుసగుసలు మొదలయ్యాయి. నందకుమార్ చేతులెత్తి తమిళంలో సర్దిచెప్పాడు. "ఆ మనిషి భార్య ఈమే. తన మొగుడు చేసిన తప్పు మీరెవరూ చేయొద్దని వేడుకుంటోంది. చూడండి, ఒక్క ఏమరుపాటు ఒక ఇంటిని ఏం చేసిందో."

కొత్తవాళ్ళ కళ్ళలో జాలి నిండింది. ఒకరిద్దరు చేతులు జోడించారు. ఆమె అరుపును కూడా ఆమె కళ్ళముందే కథలో కలిపేసుకున్నాడు.

చంద్రావతి ఈసారి తమిళంలోనే చెప్పింది, ఒక్కో మాటా విడదీసి. తన మొగుడు తాగడు. ప్రమాదం తాను చూడలేదు. ఈ ఆఫీసరూ చూడలేదు. "చూసినాయన అదిగో, ఆ మూల నిలబడి ఉన్నాడు. అడగండి."

మూలన ఉన్నది శేషాద్రి. మహేంద్ర పక్క మిషన్ మీద చేసినవాడు, ఇప్పుడు కొత్తవాళ్ళకు పని నేర్పుతున్నాడు. శవాన్ని ఎత్తిన రోజు కూడా ఆమె కళ్ళలోకి చూడలేదు. ఇప్పుడూ నేలే చూశాడు.

"తాగలేదు," అన్నాడు చివరికి. "సెల్లూ చూడలేదు."

"శేషాద్రన్నా, అదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు నందకుమార్. శేషాద్రి నోరు అక్కడితో మూతబడింది. తలుపు మాట ఎత్తలేదు.

ఆమె బయటికి నడిచింది. శేషాద్రి వరండాలోకి వెనకే వచ్చాడు.

"అమ్మా, ఆ పొద్దున నా పక్కన్నే కూర్చోని ఇడ్లీ తిన్నాడు. టమోటా చట్నీ నాకూ పెట్టినాడు. మా ఇంటామె చేతిదన్నా అని నవ్వినాడు. మీరేం పోట్లాడలేదు."

నిజమేనా? లేక తన ముఖం చూసి జాలిపడి, ఇప్పటికిప్పుడు ఇతనూ అల్లుతున్నాడా? నమ్మాలని ప్రాణం కొట్టుకుంది. ఆ కొట్టుకోవడమే ఆమెను ఇంకా మండించింది.

"ఈ మాట లోపల చెప్పాల్సింది గదన్నా. తలుపు సంగతీ లోపలే చెప్పాల్సింది. చట్నీ చేతిలో పెట్టి నన్ను పంపిస్తా ఉండావా?"

లోపల నందకుమార్ గొంతు మళ్ళీ అందుకుంది. "ఇప్పుడు మీరే కళ్ళారా చూశారు కదా..."

క్యాంటీన్‌కి వచ్చి, తొట్టిలో మిగిలిన గ్లాసులన్నీ కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని, తలమీది క్యాంటీన్ టోపీ తీసి పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుంది.

"ఎక్కడికి చంద్రా? వడ్డన టైమవుతోంది," అంది వంట చేసే ఏంజెలిన్.

"వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకోనీ. దానికి నేను టీ పొయ్యను."

గేటు దగ్గర ఆమె ఆగలేదు. వడ్డన మొదలైనా, అందరూ తిని వెళ్ళిపోయినా, అన్నం గంగాళం పక్కన ఆమె తీసిపెట్టిన తెల్లగుడ్డ టోపీ, అంచున చెమట మరకతో, తల గుండ్రం ఇంకా పోకుండా అలాగే ఉంది.