ఆ నిద్ర నాదండీ

డిపోలో అతన్ని అందరూ నిదానం అని పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతూ, నిలబడ్డ ముసలివాళ్లు కూడా రాడ్డు పట్టుకోనక్కర్లేనంత నెమ్మదిగా బ్రేకు వేస్తాడని మెచ్చుకోలుగా పెట్టిన పేరది. ఆ నిదానం రెండున్నర నెలలుగా స్టీరింగు ముందు కాకుండా, డిపో వెనకాల పోయిన వస్తువుల గదిలో కూర్చుంటున్నాడు. జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులకీ, టిఫిన్ డబ్బాలకీ, ఒంటి చెప్పులకీ చీటీలు కట్టి అరల్లో సర్దడం అతని పని. ఒంటి చెప్పు వదిలేసి మనిషి ఇంటికెలా నడిచి వెళ్తాడో అతనికి ఈనాటికీ అంతుబట్టలేదు.

దీనంతటికీ కారణం నిద్ర. ఒకరోజు మధ్యాహ్నం ఎర్ర లైటు పడితే బస్సు ఆపాడు. పచ్చ లైటు పడింది, మళ్లీ ఎర్ర లైటు పడింది, బస్సు కదల్లేదు. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే కండక్టరు ముందుకొచ్చి చూశాడు. నిదానం రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, కాలు బ్రేకు మీదే ఉంచి, హాయిగా నిద్రపోతున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ బస్సులో నిలబడినవాళ్లతో కలిపి డెబ్భైమంది ఉన్నారు.

అతని భార్య బట్టలు కుడుతుంది. వీధి మొత్తానికీ ఆమె టైలరమ్మ. ఈ వార్త విన్నప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు గానీ ఆమె ఆశ్చర్యపోలేదు. పక్కన పడుకునే మనిషికి తెలియనిదేముంటుంది? ఆయన గురక వినిపిస్తే ఆమెకి విసుగు, వినిపించకపోతే భయం. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. ఊపిరి కూడా ఆగేది. ఆమె మోచేత్తో ఒక్క పోటు పొడిస్తే పెద్ద శబ్దంతో మళ్లీ అందుకునేవాడు. ఇలా ఎన్నేళ్లుగా పొడుస్తోందో ఆమెకే లెక్క తెలియదు.

ఆస్పత్రిలో ఒంటినిండా వైర్లు తగిలించి పడుకోబెట్టి పరీక్ష చేశారు. గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోందని తేల్చారు. డాక్టరు గారు ఒక చిన్న మిషను రాశారు. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కూ నోరూ రెండూ మూసేసే పెద్ద మాస్కు. రోజూ అది పెట్టుకుని పడుకుంటే మిషను గాలి ఊదుతుంది, ఊపిరి ఆగదు. మిషను లోపల ఒక కార్డు ఉంటుంది. ఎన్ని గంటలు వాడారో అది రాసి పెడుతుంది. వరసగా ముప్పై రోజులు, రోజుకి కనీసం నాలుగు గంటలు వాడినట్టు కార్డు చెబితే డాక్టరు గారు డిపోకి కాగితం రాస్తారు. ఆ కాగితం వస్తేనే స్టీరింగు.

మాస్కుతో నిదానానికి మొదటిరోజే చుక్కెదురైంది. పెట్టుకున్న అరగంటకి నిద్రలోనే పీకి పారేసేవాడు. పొద్దున లేచి, ఇది మంచం కింద ఎందుకుందని ఆమెనే అడిగేవాడు. "నోరు మూసి ఎవరో మీద కూర్చున్నట్టుందే," అని వాపోయేవాడు. పది రోజులు ఇలాగే గడిచాయి. కార్డులో ఒక్కరోజుకి కూడా గంట దాటలేదు.

అప్పుడే టైలరమ్మ తమ్ముడికి ఆ దిక్కుమాలిన ఉపాయం తట్టింది. అతనూ అదే డిపోలో మెకానిక్కు. డిపోలో ఒక అలవాటుంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఇంకొకరు వాళ్ల డ్యూటీ కవర్ చేస్తారు. కాగితం మీద మాత్రం అసలు మనిషి పేరే ఉంటుంది. ట్రిప్పు నడిచిందా లేదా అన్నదే ముఖ్యం, నడిపిందెవరని ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు.

"బావ డ్యూటీ మనం కవర్ చేద్దాం అక్కా," అన్నాడు తమ్ముడు. "కార్డుకి కావాల్సింది గంటలు. ముక్కు ఎవరిదైతే దానికేం?"

వినడానికి ఎంత సబబుగా ఉందో! ముగ్గురిలో ఒక్కరికి కూడా తప్పనిపించలేదు. ఆ రోజు నుంచి మాస్కు టైలరమ్మ పెట్టుకుంది. విచిత్రమేమిటంటే ఆమెకి అది అచ్చంగా సరిపోయింది. పైగా చెవుల్లో గాలి హోరు తప్ప గురక వినిపించదు కాబట్టి ఒళ్లెరగకుండా నిద్రపోయింది. కూర్చుని పడుకుంటే ఊపిరి అంతగా ఆగదు కాబట్టి నిదానం ముందుగదిలో కుర్చీలో గోడకి జారబడి పడుకున్నాడు. మధ్యలో ఆమె మూడు రోజులు వాళ్లక్క ఇంటికి వెళ్లాల్సి వస్తే తమ్ముడొచ్చి డ్యూటీ చేశాడు.

ముప్పై రోజులు నిండడానికి వారం ముందు ఒక రిటైరైన హెడ్మాస్టరు చొక్కా నడుము తగ్గించుకోవడానికి వచ్చారు. మాటల్లో మాటగా తనకీ అలాంటి మిషనే ఉందనీ, కానీ తన మాస్కు చిన్నదనీ చెప్పారు. మర్నాడు తెచ్చి చూపించారు కూడా. ముక్కు రంధ్రాల కింద రెండు మెత్తటి బుడిపెలు, తల వెనక్కి ఒక సన్నటి పట్టీ, అంతే. నిదానం దాన్ని మొహానికి బెత్తెడు దూరంలో పెట్టుకుని చూసి, "ఇదైతే నాకు ఊపిరాడుతుంది," అన్నాడు. పొరుగింటి పిల్లాడి చేతిలో బొమ్మని చూసే పసివాడిలా ఆశగా చూశాడు పాపం.

సరే, డాక్టరు గారిని అడుగుదామనుకున్నారు. అడగడమంటే మాటలా? నిదానం నోట్లో నాలుక లేని మనిషి. మూడు రోజులు అద్దం ముందు నిలబడి, "సార్, ఈ మాస్కుకి బదులు ఆ చిన్నది రాయగలరా?" అన్న ఒక్క వాక్యాన్ని వల్లించాడు.

ముప్పై రోజులు నిండిన మర్నాడు ఉదయం ముగ్గురూ ఆస్పత్రికి వెళ్లారు. తమ్ముణ్ణి బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మొగుడూ పెళ్లాలు లోపలికి వెళ్లారు. డాక్టరు గారికి యాభై ఏళ్లుంటాయి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కార్డు కంప్యూటర్లో పెట్టారు. మొదటి పేజీ చూడగానే ఆయన మొహం విప్పారింది.

"భేష్! మొదట్లో తడబడ్డారు గానీ తర్వాత ముప్పై రోజులకి ముప్పై రోజులూ వాడారు. సగటున ఏడు గంటలు. మీలాంటివాళ్లు పదిమంది ఉంటే నాకు సగం పని తగ్గిపోతుందండీ!"

నిదానం గొంతు సవరించుకున్నాడు. "సార్... ఈ మాస్కు... అంటే... చిన్నది..." అని నీళ్లు నమిలాడు.

"మాస్కు మార్చాలా? ఎందుకండీ? దీంతోనే ఇంత బ్రహ్మాండంగా నిద్రపోతుంటే! చక్కగా నడుస్తున్నదాన్ని కదిలించకండి." అంటూనే డాక్టరు గారు డిపోకి రాయాల్సిన కాగితం ముందుకి లాక్కుని రాయడం మొదలుపెట్టారు.

టైలరమ్మకి అప్పుడు తెలిసొచ్చింది తాము చేసిన నిర్వాకం. ఆయనకి పనికిరాని మాస్కే ఆయనకి అతికినట్టు సరిపోయిందని కార్డు సాక్ష్యం చెబుతోంది. తనే ఇన్నాళ్లూ కష్టపడి పడుకుని మరీ చెప్పించింది. ఇంక ఏ మొహం పెట్టుకుని వేరేది అడుగుతారు?

ఆమె మొగుడి వంక చూసింది. ఆయన ఆ కాగితం వంకే చూస్తున్నాడు. కలం కదులుతున్న కొద్దీ ఆయన వీపు నిటారుగా అవుతోంది. చిన్న మాస్కు సంగతి ఆయనకి గుర్తే లేదు. రెండున్నర నెలల తర్వాత స్టీరింగు కనిపిస్తోంది మరి. ఆయన ఇంక నోరు విప్పడని ఆమెకి అర్థమైపోయింది.

ఊరుకుంటే ఏం పోయింది? రేపట్నుంచి ఆయన బస్సెక్కుతాడు, డిపోలో తలెత్తుకుని తిరుగుతాడు. కానీ ఆ బస్సు స్కూలు ముందునుంచే వెళ్తుంది. ఆ స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టింది తనే. ఏ పిల్లకి ఎంత ఎత్తు, ఎవరి చెయ్యి ఎంత పొడుగు, అన్నీ తన కొలతల పుస్తకంలో ఉన్నాయి. డాక్టరు గారు ఆఖరి వాక్యం రాసి సంతకానికి కలం దించుతుంటే ఆమె కుర్చీ ముందుకి జరుపుకుంది.

"ఆ నిద్ర నాదండీ," అంది.

కలం ఆగింది. "ఏమన్నారమ్మా?"

"కార్డులో ఉన్న నిద్ర నాదండీ. ఆయనది కాదు. ఆయన ఒక్కరోజు కూడా పెట్టుకోలేకపోయారు. నేనే పెట్టుకుని పడుకున్నాను."

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు నిదానం గొణుగుతూ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం ఆమె వైపు కోపంగా చూశాడు. తర్వాత తల దించుకుని, "నిజమే సార్," అన్నాడు.

డాక్టరు గారు కళ్లజోడు దించుకుని కంప్యూటర్లో లోపలి పేజీలు తెరిచారు. ఒక్కో రోజునీ వేలితో తడుముతూ చూశారు.

"నాదీ తప్పే, మొదటి పేజీతో సరిపెట్టుకున్నాను," అన్నారాయన చివరికి. "ఈ మిషను మనిషికి ఎంత గాలి కావాలో అంతే ఊదుతుంది. మీరు పెట్టుకున్న రోజుల్లో దానికసలు పనే లేదమ్మా, ఊరికే కూర్చుంది. మరి ఈ మూడు రోజులు? పాపం ఆయాసపడిపోయింది. ఇవి మీవి కావు. ఎవరివి?"

మొగుడూ పెళ్లాలు మొహమొహాలు చూసుకున్నారు. "మా తమ్ముడివండీ. బయటే ఉన్నాడు."

"ఆయన్ని వెంటనే పరీక్షకి పేరు రాయించుకోమనండి. ఆయనకీ ఇదే జబ్బు."

టైలరమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కానీ డాక్టరు గారు నవ్వలేదు. రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. "మిషనంటే మందులాంటిదే. ఒకరి మందు ఇంకొకరు మింగుతారా? నేను సంతకం పెట్టి, రేపు మీకు బస్సులో కునుకు పడితే ఏమయ్యేది? మాస్కు పడటం లేదని పదో రోజే నాకెందుకు చెప్పలేదు?"

"మీరు రాసిందాన్ని కాదనడం ఎలాగండీ?" అన్నాడు నిదానం.

"నేను రాసింది శిలాశాసనమా ఏమిటి? మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఇంక దాచడానికేమీ లేకపోయేసరికి టైలరమ్మకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఇది ఆయన కొలతకి కుట్టింది కాదండీ. ఆయన బుగ్గలు లోపలికుంటాయి, గడ్డం చిన్నది. అంచు ఆనదు, గాలి కళ్లల్లోకి కొడుతుంది. బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది. చొక్కా చంకలో పట్టేస్తే చొక్కా విప్పి కుడతాం గానీ మనిషిని మార్చం కదండీ. ముక్కు కింద పెట్టుకునేది ఒకటుంది, అది రాయండి."

డాక్టరు గారు ఈసారి నవ్వారు. "అది నాకూ తెలుసమ్మా. పరీక్షలో ఈయన నోరు తెరిచి పడుకున్నారు. ముక్కుతో ఇచ్చిన గాలి నోట్లోంచి పోతే లాభం లేదని పెద్దది రాశాను."

"ఆ రోజు ఆయనకి జలుబండీ. ముక్కు దిబ్బడేసింది. మామూలుగా నోరు మూసుకునే పడుకుంటారు. మెలకువలోనూ అంతే."

"జలుబా! ఈ ముక్క ఎవరూ నాకు చెప్పలేదే." ఆయన చకచకా కొత్త చీటీ రాసి నిదానం చేతికిచ్చారు. "చిన్నదే రాశాను. పక్కగదిలో పెట్టి చూస్తారు. మీరే వాడండి, మీరొక్కరే. నేను వారం వారం అన్ని పేజీలూ చూస్తాను. ఈసారి ముప్పై రోజులు నిజంగా గడిస్తే ఆ కాగితం నా చేత్తోనే రాస్తాను."

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. బెంచీ మీదున్న తమ్ముణ్ణి పరీక్షకి పేరు రాయించుకోమని పంపి, మొగుడితో పక్కగదికి వెళ్లింది.

పక్కగదిలో ఒక మంచం, ఒక స్టూలు, కిటికీకి లేత నీలం కర్టెను ఉన్నాయి. టెక్నీషియను మూడు సైజులు తెచ్చి, నడిమిది ఎంచి, పట్టీ సరిచేసి, మిషను ఆన్ చేసింది. "గాలి ఎక్కడైనా కారుతుందేమో చూడాలి. పది నిమిషాలు కదలకుండా పడుకోండి," అని వెళ్లింది.

రెండు నిమిషాలకే నిదానం కళ్లు మూతపడ్డాయి. టైలరమ్మ స్టూలు మీద కూర్చుని అలవాటుగా చెవులు రిక్కించింది. ఊపిరి వచ్చింది, వెళ్లింది. మళ్లీ వచ్చింది. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుందని మోచెయ్యి సిద్ధంగా పెట్టుకుంది. ఆగలేదు. నోరు బుద్ధిగా మూసుకునే ఉంది. గాలి కూడా ఎక్కడా కారడం లేదు. ఎంతసేపు చూసినా అదే వరస. ఆమెకి తెలియకుండానే కళ్లనీళ్లు కారాయి. ఏళ్ల తరబడి మోసిన బరువు భుజాల మీంచి దిగిపోతుంటే ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

టెక్నీషియను వచ్చి తొంగిచూసింది. "పది నిమిషాలన్నాను, గంటయింది. లేపనా అమ్మా?"

"మీకు పుణ్యముంటుంది, లేపొద్దు," అంది టైలరమ్మ.

ఆ తర్వాత ఇంకో అరగంటకి నిదానం తనంతట తనే లేచాడు. పట్టీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె తిట్లకి సిద్ధపడే ఉంది.

"నువ్వు నోరు విప్పకపోతే ఆ కాగితం జేబులో పెట్టుకుని వచ్చేసేవాణ్ణి," అన్నాడు.

"తెలుసండీ."

"రేపు మొదటి ట్రిప్పు ఎక్కేవాణ్ణి."

"అదీ తెలుసు."

అతను తల ఊపాడు. ఆమె ఎర్రబడ్డ కళ్ల వైపు చూసి, పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చాడు. "ఇంతసేపూ పొడవడానికి కాచుక్కూర్చున్నావా?"

"కూర్చున్నాను. అవసరం పడలేదు."

"అయితే ఇంకో నెలకేం, ఆగుతాను," అన్నాడు నిదానం, ఆమె మోచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని.