గెడ్డ మీద హారన్

మా మేనకోడలు యశస్విని గాజువాక దాటాక ఓ సర్కారు హైస్కూల్లో సైన్సు టీచరు. నేను ఆటోనగర్లో లారీలకి టింకరింగ్ పని చేస్తాను. నా చదువు ఏడో తరగతి దాకా నాతో నడిచి, ఇక నా వల్ల కాదని వెనక్కి వెళ్లిపోయింది. అయినా ఆ పిల్ల బుర్ర నా పోలికేనని ఊరంతా చెప్పుకుంటాను. మా అక్క ఒప్పుకోదు. "దాని బుర్ర దాని బాబుది. ఈ మావ అప్పలసూరిగాడి నుండి వచ్చిందల్లా ఒకటే, ఒకకాడ కూకోనేకపోడం" అంటుంది.

అది మాత్రం నిజం. ఈ ఏడు ఆ పిల్ల తొమ్మిదో తరగతి వాళ్ల చేత పుస్తకాలు మూయించి మా గెడ్డ దగ్గరికి తీసుకొచ్చింది. మా వీధి ఆ వాగు ఒడ్డునే ఉంటుంది. వాన ఎక్కడో కొండల మీద పడుతుంది. మా వీధిలో చినుకు కూడా ఉండదు. మనం మంచం మీద కాళ్లు చాపుకుని ఉండగానే నీళ్లు మంచం కిందికి వచ్చేస్తాయి. పోయినేడు అలాగే వచ్చాయి. పిల్లలు ఇంటింటికీ తిరిగి, గోడల మీద నీటి మరకలు చూసి, అడిగి, తిట్లు తిని, ఆఖరికి ఒక డబ్బా తయారుచేశారు. దాన్ని కల్వర్టు పిట్టగోడకి ఇనప పట్టీతో వేలాడదీశారు.

డబ్బా అడుగున రెండు గుండ్రటి కళ్లు. ఒక కన్ను మనకి వినబడని చప్పుడు కిందికి పంపుతుంది. అది నీళ్లకి తగిలి వెనక్కొస్తే రెండో కన్ను పట్టుకుంటుంది. ఎంత తొందరగా వెనక్కొస్తే నీళ్లు అంత పైకి వచ్చినట్టు. హద్దు దాటితే హారన్ మోగుతుంది. హారన్ నేనే ఇచ్చాను. ఘాట్ రోడ్డెక్కే లారీది. రకరకాల కూతలు కూస్తుంది, ఆఖరి కూత అయితే దూడ తప్పిపోయిన గేదెలాగే ఉంటుంది.

డబ్బా బిగించిన రోజు హెడ్మాస్టరు సీతారామాంజనేయులు గారు కల్వర్టు మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆయన ఉపన్యాసం ఆయన పేరుకన్నా పొడుగు. నేను మెల్లిగా కిందికి దిగి డబ్బా కళ్లకి ఎదురుగా ఓ అన్నం పళ్లెం పట్టాను. హారన్ ఆయన చెవి పక్కనే కూసింది. ఆయన ఎగిరారు. ఆయన కళ్లద్దాలు ఆయనకన్నా ఎత్తు ఎగిరి గెడ్డలో పడ్డాయి. వీధి వీధంతా పొట్ట పట్టుకుంది.

నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు హెడ్మాస్టరు. "ఇంకొక్కసారి నీళ్లు లేకుండా ఇది మోగిందంటే పీకించేస్తాను యశస్విని గారూ! ప్రయోగాలు కట్టిపెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించుకోండి" అన్నారు.

రెండోది మా పిల్ల. అందరూ వెళ్లాక నన్ను పక్కకి లాగింది.

"మావయ్యా, సాయిదుర్గ బడి మానీసి రొయ్యల కంపెనీకి ఎల్లిపోతానంది. ఈ డబ్బా కోసమే మళ్లీ వత్తంది. అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. ఇది పీకీసేరంటే ఒక్కరూ నిలబడరు. నా మీద ఒట్టెయ్యి, దీని జోలికి ఎల్లనని."

వేశాను. నాలాంటి వాడి చేత ఒట్టు వేయించడం అంటే కోతిని కుర్చీకి కట్టెయ్యడమే.

మార్గశిరం వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. టీవీ వాడు రంగుల సుడి ఒకటి చూపించి, ఇటొస్తుందంటాడు, అటు పోతుందంటాడు. గాలి లేదు, వాన లేదు. ఆకాశం బూడిద రంగులో బిగదీసుకుని కూర్చుంది. షెడ్డులో సుత్తి పట్టుకుంటే గెడ్డ గుర్తొచ్చేది. గెడ్డ దగ్గరికి వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. రోజూ కల్వర్టుకి ఇవతలే ఆగి, మెడ సాచి చూసి పోయేవాణ్ణి.

నేను ఆగే చోటే, గెడ్డ నీళ్లు కనబడని మలుపులో వరహాలు టీ కొట్టు. "ఏటి బావా, పెల్లిసూపులకి వచ్చినట్టు ఆ డబ్బాని అలాగ సూత్తన్నావ్?" అన్నాడు.

"దూరం నుండే కదరా."

"నువ్వు సెయ్యి ఎట్టకుండా ఎన్నాల్లుంటావో నానూ సూత్తాను."

ఆ పూట వాడి పంచదార డబ్బాలో గుప్పెడు ఉప్పు కలిపితే గానీ నాకు స్థిమితం చిక్కలేదు.

గురువారం తెల్లారింది. మార్గశిర గురువారమంటే మా వైపు ఆడవాళ్లు పసుపు రాయకుండా ఏ గడపనీ వదలరు. వీధంతా పసుపు నీళ్లు, ముగ్గులు, తలంట్లు. నేను గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాను. హారన్ కూసింది.

ఎవరికి ఏది దొరికితే అది పట్టుకుని పరిగెత్తారు. ఒకడు టీవీ నెత్తికెత్తుకున్నాడు. ఒకావిడ గ్యాస్ బండని పిల్లాడిలా చంకనేసుకుంది. వరహాలు లుంగీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టీ కొట్టు బల్ల ఈడ్చుకొస్తున్నాడు. అందరూ కల్వర్టు దగ్గరికి వచ్చి కిందికి చూశారు. చీలమండ మునగని నీళ్లు. అందులో ఓ పంది తీరుబడిగా నడిచి పోతోంది.

అందరూ పందిని వదిలేసి నా వైపు తిరిగారు.

"నాను కాదు" అన్నాను. నా చెవికే అది అబద్ధంలా వినిపించింది.

బడి పక్కనే కాబట్టి హెడ్మాస్టరు వచ్చేశారు. ఆయన వెనక యశస్విని, పిల్లలు. ఆయన కొత్త కళ్లద్దాలు తీసి జేబులో భద్రంగా పెట్టుకుని మరీ కిందికి వంగి చూశారు. "నీళ్లెక్కడున్నాయి? చెప్పాను కదమ్మా. ఇక పీకించండి."

సాయిదుర్గ పిట్టగోడ పట్టుకుని డబ్బా వంకే చూస్తోంది. ఇంట్లో ఎవరికో బాగోలేనట్టు ఉంది దాని మొహం. నా బుర్ర గబగబా తిరిగింది. తప్పు డబ్బాదైతే డబ్బా పోతుంది. తప్పు నాదైతే నేను పోతాను. నేను పోతే దేశానికి వచ్చే లోటు లేదు.

"నానే సార్" అన్నాను. "పల్లెం అడ్డెట్టీసేను. అలవాటు పేనం."

పుట్టి బుద్ధెరిగాక నా మాట అంత తొందరగా ఎవరూ నమ్మలేదు. "సూరిగాడే!", "ఈడి సేతులు ఇరిగిపోనూ!", "గ్యాస్ బండ మోసేనురా నీ వల్ల!" అని తిట్టుకుంటూ సామాన్లతో మళ్లిపోయారు. వరహాలు నా కాళ్ల ముందు ఉమ్మేసి మరీ వెళ్లాడు. హెడ్మాస్టరు తల పంకించారు. "అనుకున్నాను. సరే, డబ్బా ఉండనివ్వండి. ఈయన మాత్రం మళ్లీ ఈ దరిదాపులకి రాకూడదు."

అక్కడితో అయిపోయేది. యశస్విని ఊరుకోలేదు.

"ఆయన చెయ్యలేదు సార్. చేస్తే అందరికన్నా ముందు నవ్వేది మా మావయ్యే. ఇప్పుడు నవ్వట్లేదు." పిల్లల వైపు తిరిగింది. "ఆయన చెప్పాడనీ నమ్మకండి, నేను చెప్పాననీ నమ్మకండి. దిగి చూడండి."

"ఎందుకే నీకీ గోల?" అన్నాను పళ్లు బిగించి. "బతికిపోయింది కదా!"

"నీ అబద్ధం మీద బతికితే అది ప్రాజెక్టు కాదు మావయ్యా."

సాయిదుర్గ అప్పటికే కల్వర్టు పక్క మెట్లు దిగింది. అవి వాళ్ల నాన్నమ్మ పోతమ్మ పెరటి మెట్లు. ఆఖరి మెట్టు మీద నిలబడితే డబ్బా సరిగ్గా మొహానికి తగులుతుంది. సాయిదుర్గ పైకి చూసింది, వేలు పెట్టి తుడిచింది. వేలు ఎర్రగా వచ్చింది.

"టీచర్... రెండు కళ్లకీ పసుపు ముద్ద. దాని మీద కుంకుమ."

తడి ముద్ద కళ్లకి అంటుకునేసరికి, పంపిన చప్పుడు అక్కడికక్కడే తగిలి వెనక్కొచ్చేసింది. నీళ్లు ముక్కు దాకా వచ్చేశాయని డబ్బా అనుకుంది పాపం.

పెరటి తలుపు తెరుచుకుని పోతమ్మ వచ్చింది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు. "నానే ఎట్టేను. లచ్చివారం. ఏటి, తప్పా?"

"పెద్దమ్మా, అది యంత్రం!" అన్నారు హెడ్మాస్టరు.

"మరి దసరాకి మీ బల్లో కంపూటర్లకి బొట్లెట్టి కొబ్బరికాయ కొట్టింది ఎవుడు బాబూ? మా సాయిదుర్గ గుంట సెప్పింది."

ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

పోతమ్మ గొంతు తగ్గించింది. "పోయినేడు నీల్లొచ్చినప్పుడు నాను నిద్దర్లో ఉన్నాను. ఈదంతా పరుగులెట్టింది. ముసల్ది ఉన్నాదని నా తలుపు కొట్టినోడు ఒక్కడు నేడు. నీల్లు సెవిలోకి ఎల్తే లేసేను. ఇది నాకోసరం కల్లు తెరుసుకుని కూకుంది. బొట్టెట్టకుండా ఎలాగుంటాను?"

నేను నేల వంక చూశాను. ఆ పరుగు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

యశస్విని మెట్టు మీద కూలబడింది. "నీళ్ల గురించి అందర్నీ అడిగాం పెద్దమ్మా. ఈ డబ్బాని మీరేం అనుకుంటన్నారో అడగలేదు. తప్పు మాదే."

"టీచర్" అంది సాయిదుర్గ. "దీనికి నుదురు పెడితే? నాన్నమ్మ బొట్టు అక్కడ ఎట్టుకుంటాది."

హెడ్మాస్టరు ఆకాశం చూశారు, పోతమ్మని చూశారు. "ఈ వాయుగుండం దాటేదాకా ఉంచండి. అప్పటికి దీని వల్ల పని జరిగితే సరే. లేకపోతే నా మాట నాదే" అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం నేను షెడ్డులో రేకు కొట్టి డబ్బాకి నుదురు చేశాను. అరచెయ్యంత వెడల్పు, మెట్ల వైపుకి. ఒట్టు ప్రకారం నేను ముట్టుకోలేదు, పిల్లలే బిగించారు. పోతమ్మ అక్కడికక్కడే దానికి పసుపు రాసి పెద్ద బొట్టు పెట్టింది.

శుక్రవారం బడులకి సెలవిచ్చారు. మా వీధిలో తుంపర, అంతే. కొండల వైపు మాత్రం నల్లగా ఉంది. గెడ్డ నీళ్లు ఎర్రమట్టి రంగుకి తిరిగాయి. నేను షెడ్డుకి పోలేదు. ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతుంటే మా ఆవిడ, "ఒకసోట ఉండు, నీ వల్ల నా కల్లు తిరుగుతన్నాయి" అంది. అప్పుడు హారన్ కూసింది.

ఒక్క తలుపు తెరుచుకోలేదు.

మళ్లీ కూసింది. గేదె కూత దాకా వెళ్లింది. ఓ ఇంట్లోంచి నవ్వు వినిపించింది. "సూరిగాడికి పొద్దు పోవట్లేదు!"

పసుపు ముద్ద సంగతి కల్వర్టు దగ్గర మిగిలిన నలుగురికే తెలుసు. నేనే చేశానన్న సంగతి వీధి మొత్తానికీ తెలుసు. పిల్లలు తలుపులు బాదుతున్నారు. లోపల్నించి "మీ మావకి సెప్పండి, మేం రాం" అంటున్నారు. పోతమ్మ ఒక్కతే చీర కొంగులో బియ్యం మూట కట్టుకుని బడి వైపు వెళ్లిపోయింది. పొద్దున్నుంచి పిల్లలతో కల్వర్టు దగ్గరే తుంపరలో నిలబడ్డ యశస్విని తడిసి ముద్దయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"మావయ్యా, డబ్బా సరిగ్గానే ఉంది. నీళ్లు హద్దు దాటీసేయి. నీ మాటే మనుషుల్ని ఆపీసింది. ఏదోటి సెయ్యి!"

వరహాలు కొట్టుకి పరిగెత్తాను. వాడు టీ వడపోస్తున్నాడు. "బావా, నిజంగా నీల్లురా! లెగు!"

"నిన్నా నిజంగానే కూసింది."

"నిన్న నాను కాదురా!"

"నువ్వే కదరా సెప్పినావ్, అందరి ముందరా."

చెప్పడానికి నా దగ్గర నిజం తప్ప ఇంకేమీ మిగల్లేదు. అది అక్కడ చెల్లట్లేదు. అటూ ఇటూ చూశాను. కొట్టు వెనక గంప కింద వాడి పందెం కోడి ఉంది. వరహాలు పెళ్లానికి టిఫిన్ పెట్టకపోయినా దానికి బాదంపప్పు మానడు. గంప తన్ని, కోడిని చంకన పెట్టుకుని లంఘించాను.

"ఓరి దొంగనాకొడకా! నా కోడి! కోడిని ఎత్తుకుపోతన్నాడు, పట్టుకోండ్రా!"

కోడి నా మోచెయ్యి పొడుచుకుతింటోంది, పైగా ఊరంతా వినబడేటట్టు అరుస్తోంది. వెనక వరహాలు అరుపు. వరదకి రానివాళ్లు తగువుకి రాకుండా ఉంటారా? తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, చేతిలో అన్నం ముద్దతో సహా వీధిలోకి వచ్చేశారు. నేను వీధంతా ఓ చుట్టు తిరిగి కల్వర్టు వైపు పరిగెత్తి, అక్కడ ఆగి, కోడిని పైకెత్తి చూపించాను. అందరూ కోడిని చూశారు. దాని వెనక నీళ్లని చూశారు. ఎర్రటి నీళ్లు కల్వర్టు పిట్టగోడని నాకుతున్నాయి.

తరవాత ఎవరూ ఎవరినీ తిట్టలేదు, తీరిక లేదు.

యశస్విని ఫోను చేస్తే హెడ్మాస్టరు ఇంటి నుంచి ముందే వచ్చి బడి పై గదులు తెరిచి ఉంచారు. పంచె మోకాళ్ల పైకి కట్టి, ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని ఎక్కించారు. అందరూ పైకి చేరాక వరండాలో నిలబడి చూస్తే మా వీధి వీధిలా లేదు, గెడ్డకి ఇంకో పాయలా ఉంది. వరహాలు కోడిని తువ్వాలతో తుడుస్తున్నాడు. నాతో మాట్లాడట్లేదు. కోడి మాత్రం నా వంకే చూస్తోంది.

పిల్లలు ఒక ఫోను చుట్టూ మూగి, డబ్బా మునిగే ముందు పంపిన ఆఖరి అంకె చూస్తున్నారు. కింద నీళ్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. యశస్విని కూర్చోదు, నిలబడదు.

హెడ్మాస్టరు ఆమె దగ్గరికొచ్చారు. "టైముకి మోగిందా?"

"మోగింది సార్. కానీ ఎవరూ రాలేదు."

"వచ్చారుగా మరి."

"కోడి కోసం సార్."

ఆయన మీసం కింద ఏదో కదిలింది. "సోమవారం పిల్లల చేత అంతా రాయించండి. కోడి సంగతి కూడా. నీళ్లు తీశాక డబ్బా మళ్లీ అక్కడే ఉంటుంది."

పిల్లలు కేక పెట్టారు. ఒక్క సాయిదుర్గ మాత్రం పెట్టలేదు. నా పక్కకి వచ్చి నిలబడింది.

"మావా, ఇంకోపాలి నీల్లొచ్చినప్పుడు నువ్వు ఊళ్లో నేకపోతే?"

పోతమ్మ నా వంక చూసింది, వరహాలు చూశాడు. కింద నీళ్లు బడి రెండో మెట్టు ఎక్కాయి.

"అదే ముందు రాయండి" అంది యశస్విని, కిందికి చూస్తూనే. "మొదటి ప్రశ్న."