డ్రమ్స్ లేని ఎనిమిది ఆవర్తాలు

లెమ్యుయెల్ గేదర్‌కి పొద్దుటి నుంచి ఒకటే బెంగ. తన పేరుతో వస్తున్న రికార్డులో తన డ్రమ్స్ ఉంటాయా, ఉండవా? మార్చిలో పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమచెయ్యి చెప్పిన మాట వినడం మానేసింది. రికార్డు కంపెనీ మనిషి వాల్టర్ ముందుజాగ్రత్తగా హాలిస్ అనే ఇంకో డ్రమ్మర్‌ని స్టూడియోకి పిలిపించి, రికార్డింగు చేసే అద్దాల గదిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాన్సస్ సిటీలో హాలిస్ అంత మంచివాడు లేడు. అదే లెమ్యుయెల్‌కి మరీ కష్టంగా ఉంది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

నాలుగు పాటలు ఎలాగో గట్టెక్కాయి. ఐదోది నెమ్మదైన పాట. ట్రంపెట్లన్నీ ఒక్కసారిగా లేవాల్సిన చోటుకి కాస్త ముందు ఎడమచేతిలో డ్రమ్స్ వాయించే పుల్ల జారి కింద పడింది. దాన్ని పట్టుకోబోయి కుడిచేతిదీ పోగొట్టుకున్నాడు.

ఇంకో బ్యాండైతే అక్కడితో ఆగిపోయేది. లెమ్యుయెల్ బ్యాండుకి ఇరవై రెండేళ్ళుగా ఒక కట్టుబాటు ఉంది: లెమ్యుయెల్ పుల్ల పైకెత్తితే తప్ప ఎవరూ ఆపకూడదు. ఆపినవాడు అందరికీ వేపుడు చేపలు కొనిపెట్టాలి. ఇప్పుడు ఎత్తడానికి ఆయన దగ్గర పుల్లే లేదు.

చెయ్యి ఊపి ఆపవచ్చు. కానీ మనసొప్పలేదు. ట్రంపెట్ల పెద్ద ఓర్లెన్ ఊపిరి తీసుకున్నాడు, ఊదేవాళ్ళందరూ తీసుకున్నారు. లెమ్యుయెల్ ఎప్పుడూ పట్టే ఆ వెంట్రుకవాసి ఆలస్యం పట్టి, ఒక్క గొంతుతో లేచారు. ఆ ఆలస్యం కోసం ఆయన వాళ్ళని ఎన్నేళ్ళు సతాయించాడో. ఓర్లెన్‌నైతే ఏడిపించాడు కూడా. తను లేని తన బ్యాండుని వినడం ఆయనకి అదే మొదలు. ఎంత బాగున్నార్రా వీళ్ళు, అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, పుల్లలు ఏరుకుని, ఎనిమిది ఆవర్తాల తరవాత అందుకున్నాడు.

పాట అయ్యాక వాల్టర్ బయటికి వచ్చి, మధ్యలో డ్రమ్స్ లేవనీ, ఇదీ, మిగతావీ హాలిస్‌తో చేద్దామనీ నసిగాడు. లెమ్యుయెల్ తన పీట ఖాళీ చెయ్యడానికి లేచాడు.

హాలిస్ అప్పటికే టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చో అన్నా," అన్నాడు. "డ్రమ్స్ లేవంటారేమిటి వాల్టర్‌గారూ? పదిహేనుమంది కలిసి ఈయన్నే వాయిస్తుంటే, మధ్యలో నేనెక్కడ దూరేది?"

లెమ్యుయెల్ కూర్చున్నాడు. కాస్త ఆగి, ఆరో పాట ఎత్తుకున్నాడు.