గేటు ముందు పసుపు గీత

నవ్వులక్కని కంపెనీ నుంచి గెంటేసిన రోజున ప్యాకింగ్ సెక్షన్ మొత్తం గుడ్లప్పగించి చూసింది. ఒక్కరూ నోరు మెదపలేదు. ఈ మాట ముందే ఒప్పుకోవాలి. పోరాటాల కథల్లో అందరూ మొదటి నుంచీ వీరులే అయినట్టు చెబితే వినేవాళ్లకి తమ మీద తమకే నమ్మకం పోతుంది.

అది బిస్కెట్ల కంపెనీ. ఒక పక్క మగవాళ్లు పొయ్యిల దగ్గర ఉడికిపోతుంటారు. ఇంకో పక్క ఆడవాళ్లు కదిలే బెల్టు ముందు నిలబడి విరిగిన బిస్కెట్లు ఏరేసి, మంచివి పొట్లాల్లోకి నెడుతుంటారు. తుమ్మొచ్చినా బెల్టు ఆగదు, ఏడుపొచ్చినా ఆగదు. నవ్వులక్క ఆ బెల్టు దగ్గరే సగం వయసు గడిపిన మనిషి. ఆమె జోకులకి పొట్ట చెక్కలయ్యేలా నవ్వి ఎంతమంది తిట్లు తిన్నారో లెక్కలేదు. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి చేతిలోవన్నీ వదిలేసింది.

"మావాడు ఏడుస్తున్నాడే! గేటు దగ్గర! మీకు వినపడట్లేదా?" అంటూ పరుగెత్తింది.

గేటు దగ్గర పిల్లాడూ లేడు, ఏడుపూ లేదు. ఆ వేళకి వాడు బళ్లో ఉంటాడు. సూపర్‌వైజరు వెనకాలే వెళ్లి ఆమె తల మీది టోపీ లాగేశాడు.

"నీకిది కొత్త కాదు. పిచ్చిదాన్ని బెల్టు దగ్గర పెట్టుకుని నేను జైలుకి పోవాలా? నడువ్ బయటికి."

పిచ్చిది అన్న మాట బెల్టు ఆ చివరి దాకా వినిపించింది. అందరూ తలలు దించుకున్నారు. చివర్న అట్టపెట్టెలకి టేపు వేసే ఆవిడ కూడా దించుకుంది. ఆమెని అందరూ టేపక్క అంటారు, పెట్టెలకి వేసిన టేపులో కాస్త తన నోటికీ వేసుకుందని ఎగతాళి. ఆమె తలదించుకున్నది ఒక్క సూపర్‌వైజరు భయంతోనే కాదు. తన ఇంటి సంగతి తెలిస్తే తననీ ఇలాగే పంపేస్తారని అనుకుంది. ఆ బెల్టు ముందున్న ప్రతి ఆడమనిషీ సరిగ్గా అదే అనుకుందని అప్పటికామెకి తెలియదు.

ఆమె ఇంటి సంగతి ఇదీ. మహమ్మారి వచ్చి లోకమంతా తలుపులు మూసుకున్న కాలంలో ఈ కంపెనీ పనివాళ్లని లోపల పెట్టి గేటుకి తాళం వేసింది. జనానికి తిండి కావాలి, మీరే మన సైనికులు అన్నారు. లోపలే తినండి, లోపలే పడుకోండి, జబ్బు మీ జోలికి రాదు అన్నారు. గోడౌన్లో పిండి బస్తాల మధ్య చాపలు పరిచారు. నెలల తరబడి అక్కడే బతుకు.

ఆదివారాలు పిల్లల్ని గేటు దాకా రానిచ్చేవారు. గేటుకి కాస్త దూరంలో రోడ్డు మీద పసుపు రంగు గీత గీశారు. పిల్లలు గీత దాటి వచ్చి, ఊచల సందులోంచి విరిగిన బిస్కెట్ల పొట్లం అందుకుని, తల్లి వేళ్లు తాకేవాళ్లు. అంతలో కాపలా తాత ఈల ఊదేవాడు. ఈల వినగానే గీత వెనక్కి పోవాలి. వెనక్కి పోని పిల్లకి వచ్చే ఆదివారం లేదు.

టేపక్క కూతురు బుజ్జి అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటోంది. ఏడవకుండా వెనక్కి పోతుందని సూపర్‌వైజరు మెచ్చుకుని ఇంకో పొట్లం చేతిలో పెట్టాడు. తల్లి మురిసిపోయింది. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడామె తనని తానే తిట్టుకుంటుంది.

మహమ్మారి తగ్గింది. గేటు తాళం తీశారు, చప్పట్లు కొట్టారు, చేతులు దులుపుకున్నారు. ఆమె ఇంటికొచ్చాక ఒక రోజు బుజ్జిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది. పొయ్యి మీద కుక్కర్ విజిల్ వేసింది. పిల్ల చటుక్కున ఒళ్లోంచి దిగి, తల్లి వైపే చూస్తూ వెనక్కి అడుగులు వేసుకుంటూ పోయి, వీపు గోడకి తగిలాక ఆగింది. చేతులు రెండూ పక్కలకి పెట్టుకుని నిలబడింది. రమ్మంటే రాలేదు.

"ఎవరికీ చెప్పకే అమ్మాయ్," అంది అత్త. "బళ్లో తెలిస్తే పిల్లకేదో ఉందంటారు. దానికి పెళ్లి పేరంటం తర్వాత, ముందు పక్కన కూడా కూర్చోనివ్వరు."

టేపక్క కుక్కర్ అటక మీద పడేసింది. పిల్ల ఊపిరి ఆడుతోందా లేదా అని నిద్రలో లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే అలవాటు తనకీ వచ్చింది. తలుపు గడియ పడిందో లేదోనని అత్త లేచిలేచి తడుముకునేది. కాపురం మొత్తం దాచుకోవడంతోనే సరిపోయింది.

నవ్వులక్కని గెంటేసిన వారంలోనే మైకులో మేనేజరు గొంతు వినిపించింది. పెద్ద ఆర్డరు వచ్చింది, సోమవారం నుంచి మళ్లీ లోపలి డ్యూటీ, పక్కబట్టలు తెచ్చుకోండి.

"ఇప్పుడు జబ్బేదీ లేదు కదండీ?" అని ఎవరో అడిగారు.

"జబ్బు లేకపోతే ఏం, పద్ధతి బాగుంది," అన్నాడు మేనేజరు. "అప్పుడు ఒక్కరూ నాగా పెట్టలేదు. మీ పిల్లలు కూడా చక్కగా అలవాటు పడ్డారు."

చక్కగా అన్న మాటకి టేపక్క ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా నేరుగా నవ్వులక్క గదికి వెళ్లింది. అక్కడ అప్పటికే స్టిక్కర్లు అంటించే అమ్మాయి ఉంది. కాసేపటికి ఇంకొకరు, ఇంకొకరు. తలదించుకున్న వాళ్లంతా ఒక్కొక్కరే తలుపు తోసుకుని వచ్చారు. గది నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు.

"ఏంటే, పిచ్చిదాన్ని చూడ్డానికి టిక్కెట్టు పెట్టాల్సింది," అంది నవ్వులక్క. ఎవరూ నవ్వలేదు.

స్టిక్కరమ్మాయికి ఏడుపు తన్నుకొచ్చింది. "నేను మావాణ్ణి కొడుతున్నానక్కా. అంతకుముందు వేలు కూడా పడనివ్వలేదు. ఇప్పుడు వాడు అమ్మా అంటే చాలు, చెయ్యి లేచిపోతోంది. కొట్టాక వాణ్ణి ఒళ్లో వేసుకుని నిమురుతాను."

అంతే, కట్ట తెగింది. ఒకామె మొగుడితో ఒకే గదిలో కూర్చోలేకపోతోంది. ఒకామె కూతురు తల్లిని ఆంటీ అని పిలుస్తోంది. ఒకామె ఏడుద్దామన్నా కళ్లల్లో నీళ్లు రావట్లేదు. నాకొక్కదానికే అనుకున్నా, నాకొక్కదానికే అనుకున్నా అని ఒకరి మాట ఒకరు అందుకున్నారు. అప్పుడొచ్చాడు పొయ్యిల మేస్త్రి. యూనియన్‌కి ఆయనే పెద్ద. మంచి మనిషి, మంటల్లో చెయ్యి పెట్టమన్నా పెడతాడు. ఆడవాళ్లు చెప్పింది విని గడ్డం గోక్కున్నాడు.

"రేటు అడుగుదాం. లోపలి డ్యూటీకి రెట్టింపు ఇస్తే చేద్దాం. అంతేగానీ నిద్ర పట్టట్లేదు, మనసు బాగోలేదు అని బేరానికి కూర్చుంటే వాళ్లు నవ్విపోతారు. ఇవి ఇంటి సంగతులు తల్లీ."

"ఇంటి సంగతులేనన్నా," అంది నవ్వులక్క. "మరి మా ఇంట్లో నిప్పు పెట్టిందెవరు? మా అత్తా?"

మెట్ల మీంచి ఒకామె లేచింది. మొగుణ్ణి ఆ జబ్బుకే పోగొట్టుకుని ముగ్గురు పిల్లల్ని సాకుతున్న మనిషి. "మీకేం, మాటలు చెబుతారు. జీతం ఆగితే నా పిల్లల నోటికాడ కూడు మీరు తెచ్చిపెడతారా? నేను సోమవారం లోపలికి పోతాను. నన్ను తిట్టుకోండి, నేను పోతాను."

ఎవరూ తిట్టలేదు. ఆమె చెప్పింది అబద్ధమైతే కదా తిట్టడానికి. అప్పుడు టేపక్క గొంతు విప్పింది. మొదట ఎవరు మాట్లాడుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు.

"మిషన్లో చెయ్యి పడితే యూనియన్ సంగతేనా, కాదా అన్నా?"

"అదేం మాటమ్మా. ఎందుక్కాదు?"

"చెయ్యి పోతే కనపడుతుంది. మాకు పోయింది కనపడట్లేదు. అంతేగా తేడా?"

మేస్త్రి తలూపాడు. "నిజమే. కానీ కనపడనిదాన్ని వాళ్లకి ఎలా చూపిస్తావు తల్లీ?"

టేపక్కకి బుజ్జి సంగతి నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. చివరికి తేలిందొక్కటే. సోమవారం పిల్లల్ని తీసుకుని గేటు దగ్గరికి రావాలి. తాళం డ్యూటీ వద్దని, నవ్వులక్కని తిరిగి తీసుకోమని అడగాలి. ఒప్పుకుంటే సరే, లేకపోతే అప్పుడు చూద్దాం. చప్పగా ఉంది కదూ? చాలా పోరాటాలు ఇంత చప్పగానే మొదలవుతాయి.

సోమవారం పొద్దున్న గేటు ముందు జనం కిటకిటలాడారు. కొందరి చేతుల్లో పిల్లలు, కొందరి చేతుల్లో పక్కబట్టల మూటలు, కొందరికి రెండూ. ముగ్గురు పిల్లల తల్లి మూటతో గేటుని ఆనుకుని నిలబడింది. లోపలికి పోయేముందు చూడ్డానికి ఆమె పిల్లలు కూడా వచ్చారు. పొయ్యిల దగ్గరి మగవాళ్లు మేస్త్రి వెనకాల ఒక పక్కకి ఒదిగారు. రోడ్డు మీది పసుపు గీత వెలిసిపోయి, అక్కడక్కడ మాత్రమే మిగిలింది. బుజ్జి ఒక చేత్తో తల్లి చెయ్యి, ఇంకో చేత్తో నవ్వులక్క చెంగు పట్టుకుంది.

"టైమయింది. లోపలికి పదండి," అన్నాడు సూపర్‌వైజరు. ఎవరూ కదల్లేదు. "తాతా, విజిల్ ఊదు."

కాపలా తాత మెడలోని ఈలని పట్టుకుని నేల చూపులు చూశాడు. "పిల్లలున్నారు బాబూ," అని గొణిగాడు. సూపర్‌వైజరు పళ్లు కొరికి, ఈల లాక్కుని, తానే గట్టిగా ఊదాడు.

బుజ్జి తల్లి చెయ్యి వదిలేసింది.

తన ఇంటి గుట్టు నలుగురిలో బయటపడిపోయిందని టేపక్క సిగ్గుతో చచ్చిపోతూ చుట్టూ చూసింది. స్టిక్కరమ్మాయి కొడుకు కూడా చెయ్యి వదిలేశాడు. ముగ్గురు పిల్లల తల్లి ముగ్గురు పిల్లలూ వదిలేశారు. ఆదివారాలు మేస్త్రి కోసం గేటుకొచ్చిన ఆయన మనవడూ వదిలేశాడు. బడికి పోయే ఎత్తు పిల్లలు, చంక దిగిన పిల్లలు, అంతా తల్లుల వైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచిపోయి, కనీకనపడని ఆ గీత అవతల వరసగా నిలబడ్డారు. చేతులు పక్కలకి పెట్టుకున్నారు. ఒక్కరూ ఏడవలేదు.

వీధి వీధంతా కొయ్యబారిపోయింది.

"మీవాడు కూడానా?" అంది స్టిక్కరమ్మాయి.

"మా ముగ్గురూనూ," అంది మూట పట్టుకున్నామె. "కుక్కర్ కూతకి కూడా."

మేస్త్రి మనవడి దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు. వాడు అందుకోలేదు. పొయ్యి మంట ముందు కూడా చెమ్మ చూడని ఆ కళ్లు నిండిపోయాయి. వెనక్కి తిరిగి తన మనుషులతో, "పొయ్యిలు ఆర్పెయ్యండి," అన్నాడు. "రాత్రి షిఫ్టు వాళ్లని బయటికి రమ్మనండి. ఇది యూనియన్ సంగతే. ఇంతకన్నా యూనియన్ సంగతి నేనింతవరకూ చూళ్లేదు."

ముగ్గురు పిల్లల తల్లి మూటని గేటు ముందు ధబీమని పడేసి దాని మీద కూర్చుంది. ఆమె కూర్చున్నాక గేటు తెరవడం ఎవరి తరమూ కాలేదు.

పోలీసు వ్యాను వచ్చేసరికి పొగగొట్టంలో పొగ ఆగిపోయింది. పిల్లల్ని అడ్డం పెట్టుకుని గొడవ చేస్తున్నారని మేనేజరు చేతులు తిప్పుతూ చెప్పాడు.

"ఎవరు మొదలుపెట్టింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది టేపక్క. ఆమెని ఎక్కించారు. మేస్త్రి తనంతట తానే ఎక్కి, "చోటుంది కదండీ," అంటూ ఆమె పక్కన కూర్చున్నాడు.

వ్యాను కిటికీకి ఇనుప జల్లెడ. టేపక్క అందులోంచి కూతురి కోసం వెతికింది. బుజ్జి గీత దాటి మెల్లగా వ్యాను దగ్గరికి వచ్చింది. చెయ్యెత్తి జల్లెడలో వేళ్లు పెట్టింది. మళ్లీ అవే వేళ్లు, మళ్లీ అవే ఊచలు. ఆదివారాలన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయి, "ఇంటికి పోవే బుజ్జీ, నానమ్మ ఉంటుంది," అనబోయింది టేపక్క.

దారి ఇమ్మని ఇన్‌స్పెక్టరు ఈల ఊదాడు.

బుజ్జి వేళ్లు తీసేసింది. వెనక్కి ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు. వీపు నవ్వులక్క మోకాళ్లకి తగిలింది. నవ్వులక్క పక్కన స్టిక్కరమ్మాయి, ఆ పక్కన కాపలా తాత, వాళ్ల వెనక, వ్యానుకి ముందూ పక్కలా ప్యాకింగ్ సెక్షన్ అంతా, పసుపు గీత కనపడకుండా భుజానికి భుజం ఆనించి నిలబడి ఉన్నారు. పిల్ల తలెత్తి చూసింది.

"వెనక చోటు లేదమ్మా," అంది నవ్వులక్క.

పిల్ల మడమలు కాసేపు ఆమె పాదాల్ని వెనక్కి తోశాయి. తర్వాత ఆగిపోయాయి. బుజ్జి జల్లెడ వైపు తిరిగి, అమ్మ కళ్లల్లోకి చూస్తూ అక్కడే నిలబడింది. వ్యాను ఇంజను మోగుతోంది గానీ ముందుకి పోవడానికి దారి లేదు.

ఇన్‌స్పెక్టరు ఇంకోసారి ఈల ఊదాడు. ఎవరూ కదల్లేదు.