ఫోనుకు అలకేం తెలుసు

గంగామణి అలిగితే నోరు విప్పదు. పెళ్లయిన కొత్తలోనే హన్మాండ్లుకు ఈ సంగతి తెలిసొచ్చింది. చాటలో చుడుతున్న బీడీల మీంచి తల ఎత్తకుండా ఆమె ఒక పూట మాట్లాడకపోతే చాలు, ఎంత మొండికేసినా దారికొచ్చేవాడు. ఆయన దుబాయ్ పోయాక ఆ ఆట సాగలేదు. శుక్రవారం శుక్రవారం ఆర్మూర్ పసుపు మార్కెట్ గేటు ఎదుట ఉన్న భోజన్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేవాడు. "ఇంకో రెండేండ్లు ఉండాల్నా?" అనగానే ఈమె అలిగేది. లైన్ పోయిందనుకుని ఆయన పెట్టేసేవాడు.

ఇంకో రెండేండ్లు ఉండేందుకు రేపు ఆయన కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాలి. ఇవాళ ఎలాగైనా ఇంటికి రమ్మని చెప్పాలని గంగామణి ముందే వచ్చి కూర్చుంది.

బూత్‌లో అప్పటికే జపాన్ మేడం ఒకామె ఉంది. మనుషులకూ ఈ కొత్త యంత్రాలకూ ఏ దేశంలో ఎలా పొసగుతున్నదో పరిశోధన చేస్తున్నదట. మాటలు తర్జుమా చేయడానికి పక్కన నిజామాబాద్ లెక్చరర్ సాలోమోను.

"అక్కా, ఫోనుతోని నీకు పొసగుతదా?" అన్నాడతను.

"అత్తతోనే పొసగింది, దీంతోని పొసగదా సారూ? కానీ గిది అలుగనియ్యదు."

సాలోమోను తెల్లమొహం వేశాడు. కోపమా అంటే కాదు, దుఃఖమా అంటే కాదు. అలకను ఇంగ్లీషులోకి దించలేక, చివరికి తానే మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి చూపించాడు. మేడం పకపకా నవ్వింది. తమ దేశంలోనూ ఆ పని బాగానే చేస్తారనీ, తాను అలిగితే మొగుడే టీ కాచి తెస్తాడనీ చెప్పింది.

"మరి ఫోన్ల అలిగితే?" గంగామణి ఆత్రంగా అడిగింది.

మేడం ఆలోచించి చెప్పినదాన్ని సాలోమోను తెలుగు చేశాడు. "అలిగిన అని చెప్పాల్నట."

"చెప్తే అలుగుడెట్లయితది?" గంగామణికి ఒళ్లు మండింది. చెప్పి మరీ అలగడమంత సిగ్గుమాలిన పని ఇంకోటుందా!

ఇంతలో ఫోన్ మోగింది.

"సంతకం పెట్టాల్నా మరి? రెండేండ్లే గద," అన్నాడు హన్మాండ్లు.

గంగామణి మూతి ముడుచుకుని గోడవైపు తిరిగింది.

"హలో? హలో! గీ లైన్ పాడుగాను..."

"లైన్ మంచిగనే ఉన్నది!" బూత్ అదిరేలా అరిచింది. "నేనే అలిగిన! ఇనవడ్తుందా? అలిగిన!"

బయట నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చినంత పనయింది. అయినా రిసీవర్ వదల్లేదు.

"ఎప్పటిసందే?" అన్నాడాయన మెల్లగా.

"పోయిన దసరా సంది."

"అయ్యో! గిన్ని దినాలు లైనే పోతుందనుకున్న గదనే. సంతకం లేదు, గింతకం లేదు. వస్తున్న."

గంగామణికి సంతోషంతో మాట రాలేదు. ఈసారి ఆయన ఫోన్ పెట్టకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు.